పికప్ ఆగిపోతోంది: తప్పు పంపుదేనా?

ప్రశ్న: మాది జీడిమెట్ల. 2019లో కొన్న పెట్రోలు పికప్‌లో మంచినీళ్ల క్యాన్లు వేసుకుని బాలానగర్, సనత్‌నగర్, అమీర్‌పేట వైపు సరఫరా చేస్తుంటాను. నెల రోజులుగా మధ్యాహ్నం పూట లోడుతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి జర్కులిచ్చి లాగే శక్తి పోయి ఆగిపోతోంది. అరగంట పక్కన నిలిపితే మళ్లీ స్టార్టవుతుంది. ఈమధ్య రెండుసార్లు పొద్దున్నే సెల్ఫ్ బాగానే తిరిగినా ఇంజను అందుకోలేదు. తెలిసిన ఆటో అతను ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేశాక స్టార్టయింది. ఒక మెకానిక్ చెప్పినట్లు ప్లగ్గులు మార్చి ఇంజక్టర్లు కడిగించాను, ఫలితం లేదు. ఇంకొకరు ఫ్యూయల్ పంపు పోయింది, ట్యాంకు దించి అసెంబ్లీ మొత్తం మార్చాలంటున్నారు. రోజువారీగా 300, 500 రూపాయల పెట్రోలు పోయించుకుంటాను కాబట్టి రిజర్వు లైటు తరచుగా వెలుగుతూనే ఉంటుంది. తప్పు నిజంగా పంపుదేనా? మోటారు ఒక్కటే మారిస్తే సరిపోతుందా? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మేమే విప్పుకోవచ్చా? ఈ వేసవి సీజను గడిచేదాకా ఇలాగే నడపవచ్చా?

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అనుమానం పంపు మీదికే పోతుంది, ముఖ్యంగా ట్యాంకు మీద కొడితే స్టార్టయిందన్న మాట చాలా బలమైన ఆధారం. అయినా అదొక్కటే చూసి ట్యాంకు దించమని నేను చెప్పను. రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చి), వైరింగు, క్రాంక్ సెన్సారు (ఇంజను తిరుగుతోందని కనిపెట్టే పరికరం), ట్యాంకు మూత అనే నాలుగింటిలో ఏది చెడినా బండి ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది. వాటిని బయట నుంచే, ఎక్కువ ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. ప్లగ్గులకూ ఇంజక్టర్లకూ మీరు పెట్టిన డబ్బు వృథా కావడానికి కారణం ఆ మెకానిక్‌కు పని రాకపోవడం కాకపోవచ్చు. ఏ ఒక్క కొలతా తీయకుండా భాగాలు మార్చడం మొదలుపెట్టడమే కారణం. పంపు విషయంలోనూ అదే దారిలో పోతే ఈసారి పోయే సొమ్ము ఇంకా పెద్దది.

ముందుగా పంపు ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకుంటే పరీక్షలు సులువుగా అర్థమవుతాయి. మీ బండి వంటి ఇంజక్షన్ పెట్రోలు బండ్లలో పంపు ట్యాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉంటుంది. అది 12 వోల్టుల చిన్న మోటారు. అడుగున ఉన్న జాలీ గుండా పెట్రోలును లాగి, ఇంజక్టర్ల దాకా సాధారణంగా 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో పంపుతుంది. పెట్రోలు ఆ మోటారు లోపలి నుంచే ప్రవహిస్తూ దానికి కందెనగానూ, వేడిని తీసుకుపోయే ద్రవంగానూ ఉపయోగపడుతుంది. మన ఇళ్లలో బోరు ఎండిపోయినా తెలియక సబ్‌మెర్సిబుల్ మోటారు ఆన్ చేసి ఉంచితే ఏమవుతుందో హైదరాబాదు వాసులకు చెప్పనక్కరలేదు. రిజర్వులో నడిచే పంపు పరిస్థితి కూడా అంతే, కాకపోతే ఒక్కరోజులో కాక ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది.

తాళం తిప్పి ఆన్ స్థానానికి తేగానే ఇంజను కంప్యూటరు, అంటే ఈసీయూ, రిలే ద్వారా పంపును రెండు మూడు సెకన్లు మాత్రమే నడిపి ఆపేస్తుంది. ఆ తరువాత సెల్ఫ్ కొట్టినప్పుడు క్రాంక్ సెన్సారు నుంచి ఇంజను తిరుగుతోందన్న సంకేతం అందితేనే మళ్లీ నడుపుతుంది, ఆ సంకేతం ఆగిపోయిన మరుక్షణం పంపునూ ఆపేస్తుంది. ప్రమాదం జరిగి ఇంజను ఆగితే పంపు పెట్రోలును బయటికి చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు చేశారు. దీనివల్లనే క్రాంక్ సెన్సారు చెడితే పంపు బాగున్నా నడవదు. పైగా ఆ సెన్సారు కూడా వేడెక్కినప్పుడు పనిచేయక, చల్లారాక మళ్లీ పనిచేయడం మామూలే. మీరు చెప్పిన అరగంట విరామం ఈ రెండింటికీ సరిగ్గా సరిపోతుంది. అందుకే మధ్యాహ్నం వేడికి ఆగిపోతోంది కాబట్టి పంపే అని తీర్పు ఇచ్చేవారిని నేను నమ్మను.

ట్యాంకు మీద కొడితే స్టార్టవడం సంగతి వేరు. మోటారు లోపల కార్బన్ బ్రష్షులు కమ్యుటేటరు అనే తిరిగే భాగం మీద రాసుకుంటూ కరెంటును అందిస్తాయి. అరిగిన బ్రష్షు సరిగా ఆనని చోట మోటారు ఆగితే మళ్లీ కదలదు. బయటి దెబ్బ అదురుకు బ్రష్షు కొంచెం జరిగి కరెంటు అందుతుంది. అయితే అదే అదురుకు ట్యాంకు పైనున్న వదులైన కప్లర్ (వైర్లను పంపుకు కలిపే ప్లగ్గు) కూడా తిరిగి అతుక్కోవచ్చు. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తేల్చడానికి ఒక చిన్న బల్బు చాలావరకు సాయపడుతుంది, దాని గురించి కింద రాస్తున్నాను.

మొదట ఏ పరికరమూ అక్కరలేని పరీక్షలు చేసుకోండి. ఉదయం చుట్టుపక్కల చప్పుడు లేని సమయంలో ఒక మనిషిని ట్యాంకు దగ్గర నిలబెట్టి మీరు తాళం ఆన్ చేయండి. రెండు మూడు సెకన్ల పాటు సన్నని గుయ్యిమనే శబ్దం వినిపించాలి. వినిపిస్తే పంపు తిరుగుతోందని మాత్రమే అర్థం, సరిపడా ఒత్తిడి ఇస్తోందని కాదు. తరువాత, బండి దారిలో ఆగిన వెంటనే, పక్కకు తీసి నిలిపి, చుట్టూ నిప్పు లేకుండా చూసుకుని, ట్యాంకు మూతను మెల్లగా విప్పండి. గాలి లోపలికి బలంగా పీల్చుకున్న శబ్దం వచ్చి ఆ వెంటనే బండి మామూలుగా స్టార్టయితే, మూతలోని గాలి దారి మూసుకుపోయి ట్యాంకులో శూన్యం ఏర్పడుతోందన్నమాట. అప్పుడు మూత మారిస్తే పని అయిపోతుంది. దీనికి అవకాశం తక్కువే, కానీ పైసా ఖర్చు లేని పరీక్షను వదిలిపెట్టడంలో అర్థం లేదు. మూడవది రిలే. ఫ్యూజు పెట్టెలో పంపు రిలే, హారన్ రిలే ఒకే నంబరువి అయితే రెండింటినీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి రెండు రోజులు నడిపి చూడండి. పంపు ఫ్యూజును కూడా బయటికి తీసి, కాళ్ల దగ్గర నల్లబడిందేమో, సాకెట్లో వదులుగా ఉందేమో చూడండి.

ఇక బల్బు పరీక్ష. పార్కింగు లైటుకు వాడే 5 వాట్ల బల్బును పంపుకు వెళ్లే పాజిటివ్, నెగటివ్ వైర్ల మధ్య, ట్యాంకుకు చేరే కప్లర్ దగ్గర కలిపి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి, వైరును క్యాబిన్ దాకా తెచ్చి డ్యాష్‌బోర్డు మీద అతికించమని ఎవరైనా మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఇది ఆయనకు పెద్ద పనేమీ కాదు. ఆ తరువాత ఎప్పటిలాగే లోడుతో మధ్యాహ్నం బయలుదేరండి, కానీ బల్బును చూసే పని పక్కన కూర్చున్న మనిషికి అప్పగించండి, మీ చూపు రోడ్డు మీదే ఉండాలి. బండి జర్కులు ఇస్తున్న సమయంలో బల్బు నిండుగా వెలుగుతూ ఉంటే కరెంటు పంపు దాకా సక్రమంగా చేరుతోందని, లోపం పంపులోనో, జాలీలోనో, ఫిల్టరులోనో ఉందని తేలుతుంది. బల్బు మసకబారితే వైరింగులోనో ఎర్తింగులోనో అడ్డు ఉంది. టపటపా ఆరి వెలుగుతుంటే రిలేనో, దానికి ఆదేశం ఇచ్చే సెన్సారో చెడింది. ఇంజను పూర్తిగా ఆగిపోయాక బల్బు ఆరడం మాత్రం సహజమే, దానిని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. ఆగడానికి ముందు క్షణాల్లో అది ఎలా వెలిగిందన్నదే లెక్కలోకి వస్తుంది.

పొద్దున్నే స్టార్టవకపోయిన రోజు ఇదే బల్బు ఇంకా స్పష్టంగా చెబుతుంది. తాళం ఆన్ చేస్తే రెండు సెకన్లు వెలిగి ఆరాలి, సెల్ఫ్ కొడుతుంటే మళ్లీ వెలగాలి. సెల్ఫ్ కొట్టినా వెలగకపోతే క్రాంక్ సెన్సారు వైపు చూడాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ బాగా వెలుగుతూ, ట్యాంకులో మాత్రం శబ్దమే లేకుండా, ట్యాంకు మీద ఒక్క దెబ్బ వేయగానే పంపు తిరిగితే, కప్లర్ వదులుగా లేదని చూసుకున్నాక ఇక వాదన అవసరం లేదు, మోటారు బ్రష్షులు అయిపోయాయి. మీ మొదటి ప్రశ్నకు నిజమైన జవాబు ఈ పరీక్షలోనే దొరుకుతుందని నా నమ్మకం.

బల్బు బాగా వెలుగుతూ, పంపు కూడా తిరుగుతూ, బండి మాత్రం ఎత్తు ఎక్కలేకపోతుంటే అప్పుడు ప్రెషర్ గేజి కావాలి. ఇంజక్టర్లకు వెళ్లే లైనులో టీ జాయింటు పెట్టి గేజి తగిలిస్తారు. తాళం ఆన్ చేసినప్పుడు, ఐడిలింగులో, రేసు ఇచ్చినప్పుడు, ఆఫ్ చేసిన ఐదు నిమిషాల తరువాత ఎంత చూపుతోందో నాలుగు సందర్భాల్లోనూ రాయించుకోండి. మీ బండికి ఎంత ఉండాలన్నది కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్ నిర్ణయిస్తుంది; అందులో 3.5 బార్లు అని ఉంటే గేజి మీద దాదాపు 50 పీఎస్ఐ (ఒత్తిడికి మరో కొలత) కనిపించాలి. నిలబెట్టిన చోట సరిగ్గా చూపి, లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఒత్తిడి పడిపోయే బండ్లు చాలా ఉంటాయి. మీ సమస్య వచ్చేదే ఫ్లైఓవర్ మీద కాబట్టి షెడ్డులో తీసిన రీడింగు ఒక్కటీ సరిపోదు. గేజిని బయట అద్దం మీద, వైపరు దగ్గర, కనబడేటట్లు గట్టిగా కట్టి నడిపి చూసే పద్ధతి ఉంది. ఆ గొట్టాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ క్యాబిన్ లోపలికి రానివ్వవద్దు, అందులో ఉన్నది ఒత్తిడితో ఉన్న పెట్రోలు. ఇంజను ఆఫ్ చేయగానే ఒత్తిడి సున్నాకు జారిపోతుంటే పంపులోని వన్‌వే వాల్వు కానీ, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటరు కానీ, కారుతున్న ఇంజక్టరు కానీ కారణం. పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టవలసిరావడానికి అదొక కారణం అవుతుంది, మధ్యాహ్నం ఆగిపోవడానికి మాత్రం కాదు.

ఒత్తిడి తక్కువ అని తేలినంత మాత్రాన కూడా పంపు దోషి కాదు. పంపు నడుస్తుండగా కప్లర్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజి చూడాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి పంపు పాజిటివ్ దాకా అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉన్నా, పంపు నెగటివ్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పావు వోల్టు కంటే ఎక్కువ ఉన్నా ముందు వైరింగు బాగుచేయించాలి. ట్యాంకు దగ్గర ఛాసిస్‌కు బిగించిన ఎర్తింగు బోల్టు మన వర్షాల బురదకు తుప్పు పట్టి ఉండటం తరచుగా కనిపించే విషయం. గీకి, శుభ్రం చేసి, గట్టిగా బిగిస్తే బాగుపడిన బండ్లు ఉన్నాయి. క్లాంపు మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ అయితే పంపు ఎంత కరెంటు లాగుతోందో కూడా చూడగలరు. ఇటువంటి చిన్న బండ్ల పంపులు మామూలుగా 4 నుంచి 8 ఆంపియర్ల మధ్య లాగుతాయి. అంతకంటే బాగా ఎక్కువైతే పంపు బిగుసుకుపోతోందనో, పంపు నుంచి ఇంజనుకు పోయే దారిలోని ఫిల్టరు పూడుకుపోయిందనో అనుమానించాలి. బాగా తక్కువైతే అరిగిపోయిందనో, కరెంటు సరిగా అందడం లేదనో అనుకోవాలి.

స్కానర్ (ఈసీయూలో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టిస్తే అన్నీ తెలిసిపోతాయని చాలామంది అనుకుంటారు. మీ తరగతి బండ్లలో చాలావాటికి పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సారే ఉండదు కాబట్టి పంపు చచ్చిపోతున్నా స్కానర్ మౌనంగానే ఉండవచ్చు. పి0171 అనే కోడ్ వస్తే ఇంజనుకు గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువ అందుతోందని, పి0335 వస్తే క్రాంక్ సెన్సారు వలయంలో తేడా ఉందని, పి0230 వస్తే పంపు కరెంటు వలయంలో తేడా ఉందని అర్థం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానరులో ఇంజను ఆర్‌పీఎం సున్నా చూపుతుంటే సెన్సారు మీద అనుమానం బలపడుతుంది. స్కానరుకు ఇంతకు మించిన గౌరవం ఈ విషయంలో ఇవ్వనక్కరలేదు.

ఇక పంపు పోయిందని తేలిందనుకుందాం. మోటారు ఒక్కటే మార్చడమా, అసెంబ్లీ మొత్తమా అన్నది మీ రెండవ ప్రశ్న. అసెంబ్లీలో మోటారుతో పాటు జాలీ, చాలా బండ్లలో ప్రెషర్ రెగ్యులేటరు, ఫిల్టరు, పెట్రోలు ముల్లును కదిలించే ఫ్లోటు కలిసి ఉంటాయి. ముల్లు ఇప్పటికీ నిజమే చూపిస్తోంది, ప్లాస్టిక్ చట్రం పగలలేదు, ఒత్తిడి నిలబడుతోంది అనుకుంటే మోటారు, జాలీ, ఓరింగు (పెట్రోలు కారకుండా అడ్డుకునే రబ్బరు రింగు) మూడూ మార్చుకుని బయటపడవచ్చు. కానీ ట్యాంకు దించే లేబరు రెండింటికీ ఒకటే. ఏడేళ్లు నడిచిన చట్రంలో కొత్త మోటారు పెట్టి, ఆరు నెలలకు రెగ్యులేటరు పోయిందని మళ్లీ ట్యాంకు దించితే మీకు రెండోసారి లేబరుతో పాటు ఒక రోజు సరఫరా కూడా పోతుంది. సొంత అవసరానికి అప్పుడప్పుడు నడిపే బండి అయితే మోటారు చాలునంటాను. మీలా రోజూ ఆ బండి మీదే బతికేవారికి అసెంబ్లీ మొత్తం మార్చడమే నా సలహా.

మోటారే మార్చాలని నిర్ణయించుకుంటే రెండు విషయాల్లో రాజీ పడవద్దు. కొత్త మోటారు ఒత్తిడి, ప్రవాహం రెండూ పాతదానికి సరిపోవాలి. సైజు సరిపోయింది కదా అని వేరే బండి మోటారు పెట్టించవద్దు. లోపల చిన్న గొట్టం ముక్క మార్చవలసివస్తే అది పెట్రోలులో మునిగి ఉండటానికి తయారుచేసిన రకం, అంటే ఎస్ఏఈ జె30ఆర్10 అని ముద్ర ఉన్నది కావాలి. మామూలు పెట్రోలు పైపుకు లోపలి వైపు మాత్రమే పెట్రోలును తట్టుకునే శక్తి ఉంటుంది, బయటి వైపు కూడా మునిగి ఉంటే కొన్నాళ్లకు ఉబ్బి, చీలి, పంపు బాగున్నా ఒత్తిడి పడిపోతుంది. కొత్త పంపు పెట్టినా బండి లాగడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ వేలెడు గొట్టం వల్ల వచ్చేవే.

భాగం కొనేటప్పుడు కంపెనీ షోరూములో మీ ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు ముందుగా రాసుకోండి. తరువాత రాణిగంజ్‌లో అడిగినా, ఆటోనగర్‌లో అడిగినా ఆ నంబరుతోనే అడగండి. బాష్, డెన్సో వంటి తయారీదారుల పేర్లతో నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి జీఎస్టీ బిల్లు, వారంటీ లేకుండా చౌకగా వచ్చేదాన్ని ముట్టుకోవద్దు. పాత పంపు చేతిలో ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. కప్లర్ కాళ్లు, జాలీ ఆకారం, చెక్కిన నంబరు తేలికగా పోల్చవచ్చు. మీది 2020 ఏప్రిల్‌కు ముందు తయారైన బీఎస్4 బండి. 2023 ఫిబ్రవరి నుంచి దశలవారీగా బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసిన బండి కాదు. అందువల్ల కొత్త పంపు, సీళ్లు ఈ20కి పనికివచ్చేవేనా అని అడిగి తీసుకోండి. ఒకమాట: దుకాణంలో పంపు తిరుగుతుందని చూపించడానికి బ్యాటరీకి వైర్లు ఆనించే అలవాటు కొందరికి ఉంది. పెట్రోలు లేకుండా పొడిగా తిప్పితే కొత్త మోటారు బ్రష్షులు, బేరింగులు దెబ్బతింటాయి. వద్దని చెప్పండి.

సెల్లార్‌లో విప్పుకోవచ్చా అని అడిగారు. వద్దు, ఏ కారణం చేతనైనా వద్దు. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా మండగల ఆవిరిని ఇస్తుంది, ఆ ఆవిరి గాలి కంటే బరువైనది. గాలి ఆడని సెల్లార్‌లో అది పైకి పోకుండా నేల మీద పరుచుకుని, ర్యాంపు దిగువన, సంపు మూతల దగ్గర పేరుకుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ అంటేనే బోరు మోటారు స్టార్టర్లు, మీటర్ల బోర్డు, లిఫ్టు, జనరేటరు. మీరు విప్పుతున్న సమయంలో ఎవరో పైనుంచి మోటారు స్విచ్చి వేస్తే వచ్చే నిప్పురవ్వ చాలు. పైన చెప్పిన పరీక్షల్లో మూత, రిలే, శబ్దం మీరే చూసుకోండి. ట్యాంకు దించే పని మాత్రం బయట, ఆరుబయలులో, రెండు మూడు పౌడరు అగ్నిమాపక సిలిండర్లు అందుబాటులో ఉన్న చోట చేసే మెకానిక్‌కే ఇవ్వండి. మీరు దగ్గరుండి చూడండి, చూడవలసినవి ఉన్నాయి.

పని మొదలు పెట్టకముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను నడిచే స్థితిలో ఉంటే నడిపి, తనంతట అది ఆగిపోయేదాకా ఉంచితే లైనులోని ఒత్తిడి పోతుంది. ఆ తరువాత బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ట్యాంకులో పెట్రోలు ఎంత తక్కువ ఉంటే అంత మేలు, 30 లీటర్లుంటే 22 కిలోల పైచిలుకు బరువు జాకీ మీద ఊగుతుంది. తీసిన పెట్రోలును మూత గట్టిగా పడే లోహపు క్యాన్లలోనే పట్టాలి. నోటితో పీల్చి తీయడానికి ఎవరినీ అనుమతించవద్దు. పెట్రోలు చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మీ బండిలో ఎప్పుడూ 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్లు ఉంటాయి కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను: వాటిలో పట్టవద్దు. పెట్రోలు ఆ ప్లాస్టిక్‌ను చెడగొడుతుంది, పొరపాటున ఆ క్యాను మళ్లీ నీళ్లకు పోతే ఆ నీళ్లు ఎవరి ఇంటికి చేరుతాయో తెలియదు.

ట్యాంకు దించాక, అసెంబ్లీని ట్యాంకుకు పట్టి ఉంచే రింగు విప్పకముందు, పైనున్న దుమ్మును గాలితో ఊది, గుడ్డతో తుడవాలి. ఏడేళ్ల బురద గట్టిపడి ఉంటుంది. తుడవకుండా తెరిస్తే అదంతా తిన్నగా కొత్త జాలీలోకే పోతుంది. రింగును ఇనుప ఉలి పెట్టి సుత్తితో కొట్టడం మన షెడ్లలో ఎక్కువగా చూసే దృశ్యం. ఇనుము మీద ఇనుము తగిలితే రవ్వలు లేస్తాయి, ప్లాస్టిక్ రింగు అయితే పగులుతుంది. దానికి తగిన సాధనం లేకపోతే ఇత్తడి కడ్డీ వాడాలి. అసెంబ్లీని తీసేటప్పుడు నిలువుగా లాగకుండా ఒక పక్కకు వంచి తీస్తే ఫ్లోటు కడ్డీ వంగదు. కొత్తది పెట్టేటప్పుడూ అంతే. పాత ఓరింగును మళ్లీ పెట్టించవద్దు. ఇన్నేళ్లు పెట్రోలు ఆవిరిలో ఉన్న రబ్బరు ఉబ్బి గాడిలో కూర్చోదు, కూర్చోబెట్టినా ట్యాంకు నిండుగా పోయించుకున్న రోజు పైనుంచి కారుతుంది. అసెంబ్లీ మీద ఉన్న బాణం గుర్తు ట్యాంకు మీది గుర్తుకు ఎదురుగా రావాలి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి కప్లర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. లోపలి కాళ్లలో ఒకటి గోధుమ రంగుకు మారి, చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్ కరిగి కాస్త గుంట పడి ఉంటే, ఆ కాలు ఏళ్ల తరబడి వేడెక్కుతోందన్నమాట. దాన్ని అలాగే కొత్త పంపుకు తగిలిస్తే వదులుగా ఉన్న కాలు దగ్గర వోల్టేజి పడిపోయి, ఒత్తిడి తగ్గి, ఆర్నెల్లు తిరగకుండానే బండి మళ్లీ ఇదే ఫ్లైఓవర్ మీద ఆగుతుంది. అప్పుడు కొత్త పంపు నాసిరకమని దుకాణదారుతో గొడవ పెట్టుకోవడమే మిగులుతుంది. కప్లర్‌ను వైరుతో సహా మార్చడానికి అయ్యేది పంపు ఖరీదులో చిన్న భాగం. చాలా అసెంబ్లీలతో కొత్త కప్లర్ రాదు కాబట్టి ముందే విడిగా తెప్పించుకోండి.

అలాగే ట్యాంకు అడుగు. పగటి వెలుగులో లోపలికి చూసి, శుభ్రమైన తెల్ల గుడ్డతో అడుగును తుడిపించండి. గుడ్డ మీద ఎర్రని పొడి కనిపిస్తే తుప్పు, నీటి బుడగలు విడిగా కనిపిస్తే నీరు. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది, మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. పంపు లాగేది అడుగు నుంచే. అదే ఇథనాల్ పాత ట్యాంకు గోడలకు అంటుకున్న జిగురును కరిగించి జాలీ దాకా తెస్తుంది. ట్యాంకు కడిగించాలి, తుప్పు తినేసి ఉంటే మార్చాలి. రంధ్రం కనిపించి వెల్డింగు చేస్తానని ఎవరైనా అంటే బండి అక్కడి నుంచి తీసుకువెళ్లిపోండి. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమైనది, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

బిగించాక కనీసం 10 లీటర్లు పోసి, ఇంజను స్టార్టు చేయకుండా తాళాన్ని మూడు నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేయాలి. లైనులోకి పెట్రోలు నిండుతుంది. ఆ సమయంలో జాయింట్లన్నీ వేళ్లతో తడిమి తడి లేదని చూసుకున్నాకే సెల్ఫ్ కొట్టాలి. గేజి మళ్లీ పెట్టించి రీడింగు బిల్లు వెనుక రాయించుకోండి. వారంటీ గొడవ వస్తే అదొక ఆధారం. పాత పంపును వెనక్కి అడిగి తీసుకోండి.

పంపు చావడానికి కారణం ఏమిటన్నది మీ ఉత్తరంలోనే ఉంది. లీటరు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో 300 రూపాయలకు మూడు లీటర్లు కూడా రావు. ఎత్తులో, మలుపులో ఆ కొద్ది పెట్రోలు ఒక మూలకు పోయి జాలీ గాలిని పీలుస్తుంది, ఏప్రిల్, మే ఎండలకు ట్యాంకు వేడెక్కి ఉంటుంది, అందులో పంపు పొడిగా తిరుగుతుంది. చేతిలో డబ్బు ఎప్పుడు ఉంటే అప్పుడే పోయించుకోవలసిన వ్యాపారమని నాకు తెలుసు, అందుకే నిండా పోయించమని చెప్పడం లేదు. ఒక్కసారి మాత్రం 10 లీటర్లు అదనంగా పోయించి, ఆ పది లీటర్లూ లేవనే అనుకుని రోజువారీ 300 రూపాయల పద్ధతిని దాని మీదనే కొనసాగించండి. నెలకు అయ్యే ఖర్చులో తేడా రాదు. ఎప్పుడైనా పెట్రోలు మీద అనుమానం వస్తే బంకులో ఫిల్టరు పేపరు పరీక్ష అడగండి, అది వినియోగదారుడి హక్కు. చుక్క వేసి ఆరనిస్తే మంచి పెట్రోలు మరక మిగల్చకుండా ఆవిరవుతుంది.

వేసవి గడిచేదాకా నడపవచ్చా అన్న చివరి ప్రశ్నకు, లోడుతో మాత్రం వద్దు. సరఫరా ఆగితే ఎంత నష్టమో తెలియక అంటున్న మాట కాదు. నడుస్తుండగా ఇంజను ఆగితే బ్రేకు బూస్టరుకు అందే వాక్యూమ్ కూడా ఆగిపోతుంది. మిగిలిన నిల్వతో ఒకటి రెండుసార్లు మాత్రమే పెడల్ మామూలుగా పడుతుంది, ఆ తరువాత కాలంతా మోపినా బండి అంత త్వరగా నిలవదు. పవర్ స్టీరింగు ఉంటే అదీ బరువెక్కుతుంది. నీళ్ల క్యాన్ల బరువుతో ఫ్లైఓవర్ మీద, వెనుక బస్సు వస్తుండగా అది జరగకూడదు. బల్బు పరీక్షలో లోపం రిలేదో ఎర్తింగుదో అని తేలితే ఒక పూటలో బాగవుతుంది, మరునాటి నుంచే మామూలుగా తిరగవచ్చు. పంపే అని తేలి, భాగం రావడానికి రెండు మూడు రోజులు పడుతుందంటే ఆ మధ్యకాలంలో ట్యాంకు సగానికి పైగా ఉంచి, సగం లోడుతో, ఉదయం చల్లని వేళ మాత్రమే, ఫ్లైఓవర్లు తప్పించి కింది రోడ్ల మీదుగా దగ్గరి ఇళ్లకు వేసి రండి. అమీర్‌పేట వైపు క్యాన్లను ఆ రెండు రోజులూ అద్దె ఆటో ట్రాలీలో పంపించండి.